సదస్సుకు రాని తల్లుల సంగతి

సంపాదకులకు నమస్కారం.

చిన్నపిల్లల పెంపకంపై తల్లిదండ్రులకు మండల కేంద్రంలో అవగాహన సదస్సు జరిగిందని ఈమధ్య మీ జిల్లా పేజీలో వేశారు. ఫొటో కూడా వేశారు. వేదిక మీద అధికారులు, వెనక ఫ్లెక్సీ, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో ఆడవాళ్లు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో ఐసీడీఎస్ (అంగన్‌వాడీలను నడిపే సమగ్ర శిశు అభివృద్ధి పథకం) సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైనదాన్ని కాబట్టి నా చూపు వేదిక మీదికి పోలేదు, కుర్చీల మీదికి పోయింది. సగం కుర్చీల్లో అంగన్‌వాడీ టీచర్లు, ఆయమ్మలే. చీర చూస్తే తెలిసిపోతుంది. మిగతావాళ్లు అంగన్‌వాడీ సెంటరుకు నాలుగడుగుల దూరంలో ఉండే తల్లులు. వాళ్లు రావడం మంచిదే. కానీ ఆ పాఠం ఎవరికి ముందుగా చేరాలో ఆ తల్లి అక్కడ లేదు. ఆ పూట ఆమె ఎవరి చేలోనో పత్తి తీస్తుంటుంది. సదస్సుకు వస్తే ఆ రోజు కూలి పోతుంది. పులిహోర పొట్లం పెడతాం రమ్మంటే కూలి మానుకొని ఎవరొస్తారు?

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. బిడ్డల్ని ఎలా పెంచాలో తల్లిదండ్రులకు నేర్పే పని మీటింగుల్లో జరగదు. వాళ్ల గడపలో, ఆ బిడ్డ ముందరే కూర్చుంటే జరుగుతుంది. అందుకొక మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. ఆ కుటుంబం పొట్ట చేతపట్టుకొని ఎక్కడికి పోతే ఆ పని కూడా అక్కడికి పోవాలి.

కష్టంలో ఉన్న కుటుంబాలేవో తేల్చడానికి సర్వేలు చేయిస్తుంటారు. ఏ ఊళ్లోనైనా ఆయమ్మను అడిగితే చాలు, వేళ్ల మీద చెబుతుంది. పదిహేడేళ్లకే చంకలో బిడ్డతో ఉన్న పిల్ల ఒకతి. మొగుడు తాగొచ్చి కొడితే పుట్టింటికి, అక్కడ వదిన సణిగితే మళ్లీ అత్తింటికి తిరిగే తల్లి ఒకతి. కొడుకూ కోడలూ వలసపోతే వచ్చే పింఛను డబ్బుతో మనవళ్లను సాకుతున్న అవ్వ ఒకతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని తేలింది. ఐదేళ్లలోపు పిల్లల్లో 31.2 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరని కూడా అదే సర్వే చెప్పింది. నేను తిరిగిన ఊళ్లలో ఈ రెండు అంకెలూ చాలాసార్లు ఒకే ఇంట్లో కాపురం చేస్తూ కనిపించేవి.

మా పక్క ఇంకో సంగతి ఉంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు వలసను సుగ్గి అంటారు. "సుగ్గికి పోయినారు" అంటే ఆ ఇంటికి తాళం పడిందనే. సొంత చేలల్లో పని అయిపోయాక కదులుతారు. మిరపకాయ కోతకు గుంటూరు, పల్నాడు పక్కకు పోయేవాళ్లే ఎక్కువ. మళ్లీ ఉగాదికి వస్తారు. బడి ఈడు పిల్లలకైతే సీజనల్ హాస్టళ్లని ఏదో ఒక ఏర్పాటు ఉంది. ఆరేళ్లలోపు బిడ్డకు ఏముంది? అయితే ఊళ్లో అవ్వ దగ్గర, లేకుంటే మిరప చేను గట్టున పరదా పట్టా కింద. రెండు కర్రలకు చీర కట్టి ఉయ్యాల వేస్తారు. దాని పక్కన ఆరేడేళ్ల అక్క కాపలా. బిడ్డ ఏడిస్తే ఊపుతుంది, నీళ్లు తాపుతుంది, లేకుంటే నాయన ఫోను చేతిలో పెడుతుంది. తల్లి కోసిన కాయకు కూలి కాబట్టి గంటకోసారి వచ్చి ఎత్తుకోలేదు. వచ్చినా మిరప ఘాటు పట్టిన చేతులతో బిడ్డను తాకలేదు. పొద్దున చీకటితో పోయి, పొద్దుగూకాక వచ్చి రొట్టె కాల్చుకునే మనిషికి బిడ్డతో నాలుగు మాటలు మాట్లాడే ఓపిక ఎక్కణ్నుంచి వస్తుంది?

"మా అవ్వలకు ఎవరు నేర్పించారండీ, వాళ్లు డజను మందిని పెంచలేదా?" అని మీటింగుల్లో అడిగేవాళ్లు నాకు చాలామంది ఎదురయ్యారు. వాళ్ల అవ్వ చుట్టూ అత్త ఉంది, ఆడబిడ్డ ఉంది, పక్కింటామె ఉంది. ఒకరు ఉగ్గు పెడితే ఒకరు నీళ్లు పోసేవాళ్లు, ఇంకొకరు ఒళ్లో పడుకోబెట్టుకొని కబుర్లు చెప్పేవాళ్లు. ఆ డజనులో ఎంతమంది దక్కారో మాత్రం ఈ పెద్దమనుషులు చెప్పరు. ఊరుగాని ఊళ్లో పరాయివాళ్ల గట్టు మీద ఒంటరిగా ఉన్న పందొమ్మిదేళ్ల తల్లికి ఆ చుట్టూ ఉండే జనం లేరు. ఆ లోటు ఎంతో కొంత పూడ్చడమే ఈ కార్యక్రమాల పని.

నిజానికి ఇది కొత్త ఆలోచన కాదు. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ 33 ప్రాజెక్టులతో మొదలైనప్పుడు చెప్పిన ఆరు సేవల్లో తల్లులకు ఆరోగ్య, పోషకాహార విద్య ఒకటి. తక్కిన ఐదింటితో సమానంగా కాగితం మీద ఉంది. కానీ లెక్కకు దొరికే పనులు లెక్కకు దొరకని పనిని మింగేశాయి. గుడ్ల లెక్క తప్పితే మెమో వస్తుంది. బరువులు ఎక్కించకపోతే మెమో వస్తుంది. పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో ఫొటో పడకపోతే ఫోన్ మీద ఫోన్ వస్తుంది. తల్లితో మాట్లాడలేదని ఏ టీచరుకూ మెమో రాగా నేను చూడలేదు. నా సెక్టారులో టీచర్లు 11 రిజిస్టర్లు రాసేవాళ్లు. వాటిలో హోమ్ విజిట్ల రిజిస్టరు మాత్రం నెలాఖరున ఒక మధ్యాహ్నం కూర్చుంటే నిండిపోయేది. అది ఎలా నిండేదో ఈ శాఖలో పనిచేసిన అందరికీ తెలుసు.

ఇక పాఠం చెప్పే పద్ధతి. చార్టు తగిలిస్తారు. ఆరు నెలల దాకా తల్లిపాలే పట్టాలి, చేతులు కడుక్కోవాలి, బిడ్డతో మాట్లాడాలి, కొట్టకూడదు అని చదువుతారు. తల్లులు తలూపుతారు. చేయొద్దన్న పనుల జాబితా విన్న తల్లికి తాను చెడ్డ తల్లినని తప్ప ఇంకేమీ అర్థం కాదు.

ఒక ఊళ్లో చూసింది చెబుతాను. పది నెలల బిడ్డ, జబ్బకు కొలత టేపు చుడితే పసుపు దగ్గర ఆగేవాడు, అంటే తిండి చాలని బిడ్డ. తల్లికి ఇరవై కూడా లేవు. బిడ్డతో మాట్లాడమ్మా అంటే, "మాటలే రాని పిల్లోనితో ఏం మాట్లాడేది మేడం? ఎవురన్నా చూస్తే పిచ్చిదాన్ననుకుంటారు" అని నవ్వింది. అక్కడి టీచరమ్మ చదువు పదో తరగతే గానీ మనిషి గట్టిది. చార్టు విప్పలేదు. ఖాళీ నీళ్ల సీసాలో పిడికెడు జొన్నలు పోసి మూత బిగించి, బిడ్డ చెవికి ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి ఆడించింది. వాడు తల తిప్పాడు. సీసా తల్లి చేతికిచ్చి నువ్వు ఆడించమంది. మళ్లీ తిప్పాడు. తల్లి సీసాను కొంగు వెనక దాచింది. వాడు కొంగు పట్టుకొని లాగాడు. "ఈడు నన్నే చూస్తాండాడు మేడం" అంది ఆ పిల్ల. ఆ తర్వాత జొన్నరొట్టె పాలల్లో మెదిపి ఎలా పెట్టాలో, ఎన్నిసార్లు పెట్టాలో టీచరమ్మ చెబుతుంటే అడ్డుప్రశ్నలు వేసి మరీ విన్నది. చార్టు చదివి ఉంటే ఆ ప్రశ్నల్లో ఒక్కటీ వచ్చేది కాదు.

రిటైరయ్యాక మా అబ్బాయి కంప్యూటర్లో ఇలాంటివి ఎక్కడైనా చేసి చూశారా అని వెతికించాను. జమైకా అనే చిన్న దేశంలో చేశారు. 1986-87లో అక్కడి రాజధాని కింగ్‌స్టన్ పేటల్లో ఎదుగుదల ఆగిన 129 మంది పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి పాలపొడి లాంటి పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు వారానికి ఒక గంట ఆరోగ్య కార్యకర్త పోయి, ఇంట్లో దొరికే డబ్బాలు, సీసాలతో చేసిన బొమ్మలు పెట్టుకొని బిడ్డతో ఎలా ఆడాలో తల్లికి చూపించింది. కొందరికి రెండూ ఇచ్చారు, కొందరికి ఏదీ లేదు. రెండేళ్లు నడిచింది. ఆ పిల్లలకు ఇరవై రెండేళ్లు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకొని చూస్తే, కార్యకర్త ఇంటికి వచ్చిన పిల్లల సంపాదన రానివాళ్ల కన్నా 25 శాతం ఎక్కువగా ఉంది. ఒక్క పోషకాహారం మాత్రమే అందినవాళ్లలో అలాంటి తేడా నిలవలేదు. పిల్లలకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్లు లెక్కపెట్టి పంచుతూ ఉద్యోగం గడిపిన నాకు ఆ ముక్క చదివితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. తిండి వద్దని కాదు. తిండి ఒక్కటే ఇచ్చి పని అయిపోయిందనుకున్నాం.

జమైకా దూరమంటారా, ఒడిశా మన పక్కనే ఉంది. కటక్ బస్తీల్లో స్థానికంగా ఉండే ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి అదే పద్ధతి నడిపితే పిల్లల తెలివితేటల పరీక్షల్లో తేడా కనిపించింది. తర్వాత 192 పల్లెల్లో ఇంటికి పోవడం మేలా, తల్లుల్ని చిన్న గుంపుగా కూర్చోబెట్టడం మేలా అని పోల్చి చూశారు. గుంపుల్లోనూ దాదాపు అంతే ఫలితం వచ్చింది, ఖర్చు బాగా తగ్గింది. గుంపు అంటే కుర్చీలు, మైకులు కాదు. వారం వారం అదే తల్లులు, అదే బిడ్డలు, కింద చాప, మధ్యలో బొమ్మలు. మా దగ్గరా ఇళ్లకు పోయే పని ఒక పద్ధతికి వచ్చాక గుంపులు పెట్టుకోవచ్చు. కానీ మొదటి అడుగు ఇంటికే పడాలి. పిలిస్తే రాని తల్లి గుంపుకు మాత్రం ఎందుకొస్తుంది?

ఢిల్లీ వాళ్లకు ఇది తెలియదనుకోకండి. 2024లో పుట్టినప్పటి నుంచి మూడేళ్ల దాకా పిల్లల కోసం 'నవచేతన' అని ఒక మార్గదర్శి తెచ్చారు. నెలల వారీగా 140 ఆటపాటలు. మంచి పుస్తకం, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. ఇంటికి వెళ్లి చేయించమని కూడా అందులో ఉంది. ఎవరు వెళ్లాలి? పొద్దున సెంటరు తెరిచి ప్రీస్కూలు పిల్లల్ని కూర్చోబెట్టి, గర్భిణులకు సరుకులిచ్చి, బరువులు తూచి, ట్రాకర్‌లో ఎక్కించి, ఎన్నికలొస్తే ఆ పని కూడా చేసే టీచరేనా? మన రాష్ట్రంలో ఆమె గౌరవ వేతనం 11,500 రూపాయలు. దాన్ని పెంచమనే టీచర్లు 2023 డిసెంబరులో మొదలుపెట్టి 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నారు. ఆశా కార్యకర్త సంగతీ అంతే. బిడ్డకు మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా ఐదుసార్లు ఇంటికి పోవాలి. ఒక్కో విజిట్‌కు ఇచ్చేది 50 రూపాయలు. ఆ డబ్బుకు ఆమె గడపలో నిలబడి కార్డులో టిక్కు పెట్టి వెళ్తే నేను ఆమెను ఏమీ అనలేను.

తమిళనాడులో ఒక ప్రయోగం చేశారు. సెంటరుకు అదనంగా సగం రోజు పనిచేసే ఒక మనిషిని ఇచ్చారు. అంతే. ప్రీస్కూలు పాఠం చెప్పే సమయం రెట్టింపైంది, పిల్లల చదువులోనూ ఎదుగుదలలోనూ మేలు కనబడింది. మన దగ్గర కూడా మూడేళ్లలోపు పిల్లల ఇళ్ల కోసమే ఒక మనిషిని పెట్టమని నేను అడుగుతున్నాను. డిగ్రీలు అక్కర్లేదు. ఆ ఊరి కోడలై, బిడ్డను కని పెంచిన మనిషై, నలుగురి ఇంట్లోకి చొరవగా పోగలిగితే చాలు. వారానికి పది, పన్నెండు ఇళ్లు. అన్ని ఇళ్లూ కాదు, ఆయమ్మ వేళ్ల మీద చెప్పిన ఇళ్లు. శిక్షణ మాత్రం హాలులో కూర్చోబెట్టి ఇవ్వకండి, ఇళ్లకు తీసుకెళ్లి చూపించండి.

ఒక్క జాగ్రత్త. ఆ ఇళ్లకు ముద్ర వేయకండి. ఒకసారి ఒక అధికారి బరువు తక్కువ పిల్లల ఇళ్ల తలుపులకు ఎర్ర చుక్కలు పెట్టించాడు. చూసుకోవడానికి సులువని ఆయన ఉద్దేశం. వారం తిరగకముందే ఊళ్లో "ఎర్రచుక్క ఇల్లు" అని పేరు పడింది. ఒక అత్తగారు సున్నం కొట్టి చుక్క చెరిపేసి, కోడల్ని మళ్లీ సెంటరు గడప తొక్కనివ్వలేదు. పేదరాలికి మానం మర్యాద లేదని ఎవరు చెప్పారో! కొత్త మనిషి ఒక ఇంటికి పోతున్నదంటే ఆ ఇంట్లో ఏదో తప్పు జరుగుతోందని పక్కింటివాళ్లకు అనిపించకూడదు. దానికి ఉపాయం ఉంది. కొత్తగా బిడ్డ పుట్టిన ప్రతి ఇంటికీ మొదట ఒకసారి పోవాలి. ఆ తర్వాత అవసరమున్న ఇంటికి ఎక్కువసార్లు పోవాలి. రెడ్డిగారి ఇంటికి కూడా ఒకసారి పోయి సీసా ఆడించి వస్తే పోయేదేముంది?

నాయనల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పథకం పేరులో తల్లిదండ్రులు అని ఉంటుంది, హాజరు పట్టీలో తల్లుల వేలిముద్రలే ఉంటాయి. తాగి వచ్చే మనిషికి మంచిమాటలు చెబితే మారతాడని నేననను. కానీ బిడ్డను ఎత్తుకోవడానికి సిగ్గుపడే మగవాళ్లు మా పల్లెల్లో చాలామంది ఉన్నారు, వాళ్లు తాగుబోతులు కారు. ఎత్తుకుంటే "ఏంరా, ఆడపని చేస్తాండావు" అంటారని వెనకాడతారు. ఒక రాత్రి గుడి అరుగు మీద వాళ్లతో కూర్చుంటే, బిడ్డ మూడేళ్లు నిండేలోపే బుర్ర చాలావరకు ఎదుగుతుందంటే నోళ్లు తెరుచుకొని విన్నారు. పొద్దున పది గంటలకు మీటింగ్ పెడితే వాళ్లెక్కడ దొరుకుతారు?

అసలు కాలమే తప్పు. సదస్సులన్నీ నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, బడ్జెట్ ఖర్చు చూపించే నెలల్లో పెడతారు. మా జనం ఊళ్లో తీరిగ్గా ఉండేది ఉగాది నుంచి ఏరువాక దాకా. ఆ రోజుల్లో పని తక్కువ, తల్లీ తండ్రీ ఇద్దరూ ఇంటి దగ్గరే ఉంటారు. అప్పుడు మన సెంటర్లకు ఎండల వల్ల ఒంటిపూట. ఆ రెండు మూడు నెలలు ఇంటింటికీ తిరిగే పని సాయంత్రం పూట పెట్టుకుంటే, సుగ్గికి పోయేలోపు తల్లికి కొంతైనా అలవాటు పడుతుంది. పోయేటప్పుడు బొమ్మల సంచి ఒకటి వెంట పంపొచ్చు, సీసా, గుడ్డబొమ్మ, అట్టముక్కల పుస్తకం లాంటివి. దానికయ్యే ఖర్చు ఒక ఫ్లెక్సీకి కూడా సరిపోదు.

పోయిన చోట ఏం జరగాలన్నది పెద్ద ప్రశ్న. ఆహార భద్రత చట్టం 2013లోనే వచ్చింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల దాకా ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీలో తిండి హక్కు. కోసిగి బిడ్డ పల్నాడులో ఉంటే ఆ హక్కు పల్నాడు సెంటరులో దొరకాలి. అక్కడి టీచరు మాత్రం "మీ ఊరి లిస్టులో ఉన్నారు కదా" అంటుంది. ఆమెకు తన లెక్కల భయం. ఇంకో మాట. ఉపాధి హామీ చట్టం 2005లో తెచ్చినప్పుడు, పని దగ్గర ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. ఎంత తేలికైన, ఎంత మంచి ఏర్పాటు! మిరప చేలల్లో అది ఎందుకు కుదరదు? ఒక గుంపు మేస్త్రీ తెచ్చే కూలీల్లో ఐదుగురు కాదు, పది మంది పసివాళ్లు ఉంటారు. వాళ్ల ఊరి ఆడమనిషే ఒకతి కాయ కోయకుండా ఈ పిల్లల దగ్గర ఉండి, ఆడించి, వేళకు తినిపిస్తే, ఆమె కూలి సర్కారు ఇస్తే చాలు. ఆరేడేళ్ల అక్క కాపలా మానేసి హాస్టలుకు పోతుంది.

ఇదంతా ఎప్పటికవుతుందో నాకు తెలియదు గానీ, మీకొక చిన్న విన్నపం. ఈ ఉత్తరం వేయదలచుకుంటే కర్నూలు జిల్లా పేజీలో ఒక్కచోటే వేయకండి. గుంటూరు, పల్నాడు పేజీల్లో కూడా వేయండి. అక్కడి రైతులూ, అక్కడి టీచర్లూ చదవాలి. జనవరి వస్తే మా బిడ్డలు వాళ్ల దగ్గరే ఉంటారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐసీడీఎస్ సూపర్‌వైజర్,
ఆదోని
(పేరు వేయవద్దని మనవి)